ఆటో శాంప్లర్ ఉన్న ఫ్లేమ్ ఫొటోమీటర్: ఏడాది వాడాక నా మాట

గుంటూరు వైపు ఒక మట్టి పరీక్ష ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్లేమ్ ఫొటోమీటర్ అంటే ద్రావణాన్ని మంటలోకి చిమ్మి, ఆ వెలుగును బట్టి అందులో పొటాష్ ఎంతుందో చూపే మెషిన్. ఇదివరకు మట్టి ద్రావణం ఉన్న ఒక్కో గొట్టం చేత్తో దాని క్యాపిలరీ (ద్రావణాన్ని పీల్చే సన్నని నాళం) కింద పెట్టి, అంకె నిలబడేదాకా చూసి, నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లం. నిరుడు ఆటో శాంప్లర్ ఉన్న మెషిన్ వచ్చింది. ట్రేలో గొట్టాలు పేర్చి బటన్ నొక్కితే దానంతటదే పీల్చుకుంటుంది, మధ్యమధ్య డిస్టిల్డ్ వాటర్‌తో కడుక్కుంటుంది, రీడింగ్ కంప్యూటర్‌కి పంపుతుంది.

నాకు బాగా నచ్చింది లెక్క. 5 గ్రాముల మట్టికి అందులోని పొటాష్‌ను బయటికి లాగే అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం 25 మి.లీ. పోస్తాం కాబట్టి, వచ్చిన పీపీఎంని (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే అంకె) 11.2తో గుణిస్తే హెక్టారుకు కిలోలు. సాయంత్రం అలసిపోయాక ఈ గుణకారంలోనే తప్పులు పడేవి. ఇప్పుడా బెంగ లేదు. మట్టి ఆరబెట్టడం, దంచి 2 మి.మీ. జల్లెడ పట్టడం, షేకర్‌లో 5 నిమిషాలు ఊపడం, వడకట్టడం మాత్రం ఇప్పటికీ మన చేతి పనే.

మార్చిలో ఒక రైతు మట్టికి 9 పీపీఎం చూపించింది. అంటే హెక్టారుకు దాదాపు 101 కిలోలు. 108 లోపు ఉంటే తక్కువ కిందే రాస్తాం. ఆయన కార్డు చూసి, "అమ్మా, మాది నల్లరేగడి. పొటాష్ ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదే" అన్నారు. నాకూ అనుమానం వచ్చి 20 పీపీఎం స్టాండర్డ్ (పొటాష్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) పెట్టి మంట కిటికీలోంచి చూశాను. ద్రావణం అందగానే లేత ఊదా రంగుకు తిరగాల్సిన మంట నీలంగానే ఉండిపోయింది. రీడింగ్ 7 దగ్గరే ఆగింది. వడపోతలో జారిన సన్నటి బంకమట్టి క్యాపిలరీలో ఇరుక్కుంది. సన్నని తీగతో శుభ్రం చేసి మళ్లీ పెడితే అదే మట్టికి 27 వచ్చింది, అంటే 302 కిలోలు. ఆ రోజు ట్రే మొత్తం మళ్లీ చేశాం. అక్కర్లేని పొటాష్ బస్తాలకు ఆయన డబ్బు పోసేవారే కదా, ఆ ఆలోచన ఇప్పటికీ బాధపెడుతుంది.

తెర మీద ఒక్క హెచ్చరిక రాలేదు. ప్రతి పది శాంపిళ్లకు ఒకసారి స్టాండర్డ్‌ని తనే చూసుకుని, తేడా వస్తే ఆగిపోయే సెట్టింగ్ మెషిన్‌లో ఉంది. కానీ ఆఫ్‌లో పెట్టి ఇచ్చారు, బిగించడానికి వచ్చినతను దాని సంగతే ఎత్తలేదు. ఇది కంపెనీ తప్పే.

అయినా నేను కొనమనే చెప్తాను, 5కి 4 ఇస్తాను. బిగించిన రోజే ఆ సెట్టింగ్ ఆన్ చేయించుకోండి. క్యాపిలరీలు రెండు అదనంగా అడగండి. వానాకాలంలో మంట వెలిగించే ముందు కంప్రెసర్ గాలి ఫిల్టర్‌లో చేరిన నీళ్లు రోజూ వదిలేయండి, లేకపోతే అంకె గంతులేస్తూనే ఉంటుంది.