కాపీ మధ్యలో నెట్ పోతే ఏది మేలు: ఆర్‌సింకా, జెడ్‌ఎఫ్‌ఎస్ సెండా?

"అన్నా, సగం కాపీ అయ్యాక నెట్ పోయింది, మళ్ళీ మొదట్నుంచేనా?" ఈ నెలలో నలుగురు అడిగారు. నాకూ అదే తిప్పలు. పెళ్ళి వీడియోల సర్వర్ తిరుపతి కొర్లగుంటలో, బ్యాకప్ పెట్టె చిత్తూరులో తమ్ముడింట్లో. 2 టీబీ డేటా, 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్. లెక్కేస్తే దాదాపు 89 గంటలు. అంతసేపు లైన్ తెగకుండా ఉండాలంటే రోడ్డు తవ్వే జేసీబీ దయ తలచాలి.

ఆర్‌సింక్ అంటే రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రాం. ఫైళ్ళ లెక్కన పోతుంది. తెగితే అయిపోయిన ఫైళ్ళ జోలికి వెళ్ళదు. 'పార్షియల్' అనే ఆప్షన్ పెట్టకపోతే మాత్రం సగంలో ఉన్న ఫైలును చెరిపేస్తుంది, 80 జీబీ వీడియో అయినా సరే. లక్షల చిన్న ఫైళ్ళుంటే మళ్ళీ మొదలుపెట్టిన ప్రతిసారీ రెండువైపులా జాబితా వెతుక్కోవడానికే బోలెడు సేపు. ఫోల్డర్ పేరు మారిస్తే అంతా కొత్తదనుకుని మళ్ళీ పంపుతుంది. స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచినవి) ఎలాగూ రావు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్కులో డేటాను దాచే ఫైల్ సిస్టమ్. దాని 'సెండ్' ఒక స్నాప్‌షాట్‌ను పంపుతుంది, అవతల 'రిసీవ్' అందుకుంటుంది. ఉత్త రిసీవ్ పెడితే, తెగగానే అందిందంతా పారేస్తుంది. మైనస్ ఎస్ (-s) ఆప్షన్ తగిలిస్తే ఉంచుకుంటుంది. అప్పుడు చిత్తూరు పెట్టెలో 'రిసీవ్ రెస్యూమ్ టోకెన్' చూస్తే, '1-'తో మొదలయ్యే పొడవాటి అక్షరాల వరుస కనిపిస్తుంది. దాన్ని ఇక్కడ సెండ్ మైనస్ టీకి ఇస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. లైనక్స్‌లో ఇది 2017లో, 0.7తో వచ్చింది.

అయితే అసలు కిటుకు టోకెన్‌లో లేదు, పంపేవైపు స్నాప్‌షాట్‌లో ఉంది. మూడోరోజు రాత్రి పాతవి తుడిచే నా స్క్రిప్టే ఆ స్నాప్‌షాట్‌నూ తుడిచేసింది. టోకెన్ చేతిలో ఉంది, పనికిరాదు. రిసీవ్ మైనస్ ఏతో సగం సరుకు పారేసి మళ్ళీ మొదలుపెట్టా. ఇప్పుడు పంపేముందే స్నాప్‌షాట్‌ను తుడవనివ్వని 'హోల్డ్' వేస్తున్నా, అయ్యాక రిలీజ్. రెండు పెట్టెలనూ కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 సెకన్లు కూడా పెట్టండి. లేకపోతే లైన్ చచ్చినా అది బతికే ఉందనుకుని కూర్చుంటుంది.

మధ్యలో డేటాను కాసేపు నిలవుంచే ఎంబఫర్ ప్రవాహాన్ని సాఫీ చేస్తుందంతే, తెగితే అతకదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటిదే మరో ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. దాని సెండ్‌కు రెస్యూమ్ (ఆగిన చోటి నుంచి కొనసాగించడం) లేదు. ఫైలుగా దాచి ఆర్‌సింక్‌తో పంపుకోవాలి.

నా ఓటు జెడ్‌ఎఫ్‌ఎస్‌కే. కానీ ఈసారి మొదటి 2 టీబీ మాత్రం లైన్ ఎక్కించను. డిస్కు సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కితే పూటలో చిత్తూరు వెళ్ళి రావచ్చు. రోజువారీ ఇంక్రిమెంటల్‌కు, అంటే మారినంత మాత్రమే పంపడానికి, లైన్ చాలు.