ఇంట్లో డిస్టిల్డ్ వాటర్: కుక్కరా, గిన్నెనా, గాజు పెట్టెనా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, సిరొంచ వైపు మనవాళ్ళు ఎండలు ముదరగానే అడిగే ప్రశ్న ఇది: డిస్టిల్డ్ వాటర్, అంటే నీళ్ళను ఆవిరి చేసి ఆ ఆవిరిని చల్లార్చి పట్టే స్వేదనజలం, ఇంట్లో ఎలా తీయాలి? కొందరికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి కావాలి. కొందరికి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని తాగడానికి కావాలి. ఈ రెండింటికీ ఒకే జవాబు కుదరదు.

ముందు కుక్కర్. విజిల్ తీసి ఆ గొట్టానికి రాగి పైపు బిగించి, చుట్టలు చుట్టి చన్నీళ్ళ బకెట్లో ముంచితే రెండో కొసన నీళ్ళు పడతాయి. ధారగా వస్తాయి కాబట్టి చాలామందికి ఇదే ముద్దు. నాకు మాత్రం పడదు. పైపు ఎక్కడ నలిగినా, పూడినా ఆవిరికి దారి ఉండదు. సేఫ్టీ వాల్వ్ పీకేసి అక్కడ బోల్టు బిగించే మహానుభావులూ ఉన్నారు! పైగా స్వేదనజలం రాగిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. బ్యాటరీకి పడనివే రాగి, ఇనుము, క్లోరైడ్. బ్యాటరీ కోసమే తీస్తూ మళ్ళీ రాగి గొట్టంలోంచి పంపడమెందుకు?

బ్యాటరీకైతే స్టీలు గిన్నె చాలు. పెద్ద గిన్నెలో సగానికి తక్కువగా నీళ్ళు పోసి, మధ్యలో చిన్న స్టాండు మీద ఖాళీ స్టీలు గిన్నె పెట్టి, మూత బోర్లా తిప్పి మూయాలి. మూత పైన చన్నీళ్ళు గానీ ఐసు గానీ. ఆవిరి మూతకు తగిలి, పిడి దగ్గరకు జారి, చుక్కచుక్కగా లోపలి గిన్నెలో పడుతుంది. మంట సన్నగా ఉండాలి. తెర్లితే బోరు నీళ్ళు చింది అందులో కలుస్తాయి. మొదట పడిన అరగ్లాసు పారబోయండి, క్లోరిన్ లాంటివి ఉంటే అందులోనే వచ్చేస్తాయి.

తాగే నీళ్ళ దగ్గరికొస్తే అసలు తేల్చేది పాత్ర కాదు, వేడి. లీటరు నీళ్ళను కాచి పూర్తిగా ఆవిరి చేయాలంటే, ఏ గిన్నెలో చేసినా, దాదాపు 0.7 యూనిట్ కరెంటుకు సమానమైన వేడి కావాలి. స్టౌ మంటలో మూడో వంతుకు పైగా గాలికే పోతుంది. ఆ లెక్కన కిలో గ్యాస్‌కు పది లీటర్లు వస్తే గొప్ప. తాగడానికీ వంటకూ రోజుకు పది లీటర్లు వాడే ఇంట్లో 14.2 కిలోల సిలిండర్ రెండు వారాలు వస్తే ఎక్కువ. ఎలక్ట్రిక్ డిస్టిలర్ కొన్నా ఇదే లెక్క, బిల్లు మారుతుందంతే.

అందుకే నా ఓటు డాబా మీది గాజు పెట్టెకు, అంటే ఎండకే నీళ్ళు ఆవిరై, గాజుకు తగిలి మళ్ళీ నీళ్ళయ్యే పెట్టెకు. ఎండ 45 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో వేడికి డబ్బు కట్టడం నాకు మనసొప్పదు. 1872లోనే ఇప్పటి చిలీలోని లాస్ సాలినాస్ దగ్గర నైట్రేట్ గనుల వాళ్ళు ఇలాంటి పెట్టెలు వరసగా పరిచి రోజుకు ఇరవై వేల లీటర్లకు పైగా తీశారు. నల్లటి అడుగు, అందులో రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్ళు, పైన దక్షిణానికి వాలిన గాజు పలక, దిగువ అంచున నీళ్ళు పట్టే సన్నటి స్టీలు కాలువ. లోతు పెరిగితే నీళ్ళు వేడెక్కడం ఆలస్యం.

గాజు లోపలి వైపు జిడ్డుంటే ఆవిరి పూసల్లా నిలిచి, బరువెక్కి, మళ్ళీ కిందికే రాలుతుంది. సబ్బుతో బాగా కడిగితే పొరలా పరుచుకుని కాలువలోకి జారుతుంది. వాలు పది పదిహేను డిగ్రీలకు తగ్గనివ్వొద్దు. బయటి వైపు మన దగ్గర ఇంకో తంటా, బొగ్గు దుమ్ము. రోజూ పొద్దున్నే తుడవకపోతే కొంత ఎండ అక్కడే ఆగుతుంది. గాజు అంచులు అతికించిన సిలికాన్ వాసన పోయేదాకా మొదటి కొన్ని రోజుల నీళ్ళు మొక్కలకు.

ఆశ ఎక్కువ పెట్టుకోకండి. చదరపు మీటరు గాజుకు మంచి ఎండలో మూడు నాలుగు లీటర్లు, ముసురు రోజుల్లో నామమాత్రం. ఇల్లంతటికీ చాలకపోతే ముందు పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వండి. ఈ నీళ్ళలో ఖనిజాలుండవు కాబట్టి పాలు, ఆకుకూరలు తగ్గించొద్దు.

ఇంట్లో ఆర్‌వో ఉంటే తాగడానికి ఇదంతా అక్కర్లేదు. బ్యాటరీకి మాత్రం ఆ నీళ్ళు పనికిరావు. ఉత్తినే కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనేది మన ప్రమాణం, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. బోరు నీళ్ళను ఒకసారి ల్యాబ్‌లో చూపించాకే పెట్టె మొదలుపెట్టండి.

ఏ పద్ధతైనా వచ్చిన నీళ్ళలో టీడీఎస్ మీటర్ (కరిగిన లవణాలను కొలిచేది) ముంచండి. పది పీపీఎం దాటిందంటే బోరు నీళ్ళు ఎక్కడో చిందుతున్నట్టే. గిన్నెలో నీళ్ళు తగ్గించండి, లేదా పెట్టెలో కాలువకూ నీళ్ళకూ మధ్య ఎడం పెంచండి.