రైటింగ్ కోర్సు: ఒక కెమిస్ట్రీ విద్యార్థి అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీలను ఇంగ్లీషు మీడియంలోకి మార్చిన 2021-22లోనే నేను ఒంగోలులో బీఎస్సీ కెమిస్ట్రీలో చేరాను. మాది కనిగిరి వైపు పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. రెండో సెమిస్టర్‌లో రైటింగ్ కోర్సు ఉందనగానే, ప్రాక్టికల్స్ వదిలేసి ఈ వ్యాసాల గోల ఏంటని మా బ్యాచ్ అంతా విసుక్కుంది. ఇప్పుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నాను. ఆ కోర్సు దేనికి పనికొచ్చిందో, దేనికి రాలేదో ఇన్నాళ్లకు తేలింది.

సైన్స్ వాళ్లు తక్కువేం రాయరు. సెమిస్టర్‌కో లావుపాటి రికార్డు నింపుతాం. కాకపోతే సీనియర్ రికార్డు ముందేసుకుని ఎయిమ్, ప్రిన్సిపుల్, ప్రొసీజర్ దించేస్తాం. అందులో మనవి రీడింగులు మాత్రమే.

మొదటి అసైన్‌మెంట్: మీరు చేసిన ఒక ప్రయోగాన్ని సైన్స్ తెలియని మనిషికి అర్థమయ్యేలా రాయండి. నేను ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కఠినత్వం కనుక్కోవడం గురించి రాసిచ్చాను. మా మేడమ్ ఇంగ్లీషు చెప్పే ఆవిడ, టైట్రేషన్ (రంగు మారేదాకా ఒక ద్రావణాన్ని కొలిచి కలపడం) గురించి ఏమీ తెలియదు. నా పేపరు పక్కన పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు రాశారు: ‘రంగు మారిందన్నారు, ఏ రంగు నుంచి ఏ రంగుకి? ఒకే పని మూడుసార్లు ఎందుకు చేశారు?’

మొదటిదానికి జవాబు తేలికనుకున్నా. ఎరుపు నుంచి నీలం. రాయబోతే చెయ్యి ఆగింది, మధ్యలో ఊదా రంగు కూడా వస్తుంది కదా అని. మళ్లీ ల్యాబ్‌కి వెళ్లి బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి ఈడీటీఏని చుక్క చుక్కగా వదిలి చూశాను. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం నిలిచినప్పుడు ఆపాలి. నేను ఒకసారి ఊదా దగ్గరే, ఇంకోసారి నీలం దగ్గర ఆపేస్తున్నాను. నా రీడింగులు 0.3, 0.4 మి.లీ. తేడాతో రావడానికి కారణం అదే. మూడుసార్లు ఎందుకు చేస్తామో కూడా అప్పుడే మనసుకెక్కింది.

రెండో అసైన్‌మెంట్ మీ ఇంట్లోవాళ్లకి పనికొచ్చే ఒక పేజీ. దీన్ని ముందు తెలుగులో రాసుకోనిచ్చారు, అది నాకు ఎంతో మేలు చేసింది. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ పాత బాధే. కెమిస్ట్రీ సార్ సాయంతో మా బోరు నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటింది. దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ లెక్కన 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. నా మొదటి వాక్యం ‘ఫ్లోరైడ్ గాఢత అనుమతించదగిన పరిమితిని మించియున్నట్లు గుర్తించబడినది’. ‘ఇది మీ నాయనమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ ఏం చేస్తుంది?’ అన్నారు మేడమ్. ఏమీ చేయదు, రోజూలాగే ఆ నీళ్లు కాచి తాగుతుంది. అప్పుడు ఇలా మార్చాను: ‘ఎంత కాచినా ఈ నీళ్లలో ఫ్లోరైడ్ పోదు. తాగడానికీ వంటకీ ఈ బోరు నీళ్లు వద్దు. స్నానానికీ బట్టలకీ వాడుకోవచ్చు.’ ఆ కాగితం ఇంట్లో చదివాను. ‘కాచినా పోదా?’ అని నాయనమ్మ రెండుసార్లు అడిగింది. ఆ వారం నుంచి వంటకి కూడా క్యాన్ నీళ్లే తెప్పిస్తున్నారు.

ఇక లోపాలు. కోర్సులో సగం సెలవు చిట్టీలు, దరఖాస్తులు, మోడల్ వ్యాసాలతోనే గడిచిపోయింది. ఒక్క మేడమ్‌కి అరవై మందిమి, దిద్దిన పేపరు చేతికొచ్చేసరికి నెల దాటేది, అప్పటికి ఏం రాశామో మాకే గుర్తుండేది కాదు. అన్నిటికన్నా బాధ కలిగించింది పరీక్ష. ఖాళీలు పూరించండి, వాక్యాలు సరిచేయండి, అంతే. ఒకే పేజీని మూడుసార్లు తిరగరాసిన కష్టానికి ఒక్క మార్కూ లేదు. గ్రాఫు గురించి, పట్టిక గురించి ఎలా రాయాలో అసలు చెప్పలేదు. అది ప్రాజెక్టులో మా గైడ్ దగ్గర తిట్లు తిని నేర్చుకున్నాను.

అయినా సైన్స్ వాళ్లు ఈ కోర్సు తీసుకోవాలనే నా మాట, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. దిద్దిన పేపరు కోసం ఎదురుచూడకండి. రాసిన రోజే వేరే గ్రూపు స్నేహితుడికి ఇచ్చి, అర్థం కానిచోట గీత గీయమనండి. నేను ఇప్పటికీ నా చాప్టర్లు హాస్టల్లో కామర్స్ చదివే రూమ్మేట్‌కే ముందు ఇస్తున్నాను.