కొంగ నిలబడ్డ చోటికి బోటు పోదు: హైదరాబాద్ నుంచి నాలుగు నీళ్ల యాత్రలు

డిసెంబరులో కోట్‌పల్లి జలాశయం ఫోటోలు చూసి ఏప్రిల్ చివర్లో బయల్దేరితే, అక్కడ కనిపించేది వేరే చెరువు. నీళ్లు కట్ట వైపు ముడుచుకుపోతాయి. ఎగువన శిఖం భూమి పగుళ్లు తేలుతుంది. బురద ఎక్కడ మొదలైందో పైనుంచి చూస్తే తెలియదు. మన చెరువుల కట్టుబడే అంత. వాగుకు అడ్డంగా కట్ట వేస్తారు కాబట్టి తూము దగ్గర 20 అడుగుల నీళ్లుంటే ఎగువ అంచుకు పోయేసరికి మోకాలి లోతే. మట్టం ఒక్క అడుగు తగ్గితే కట్ట మీద నిలబడ్డవారికి తేడా తెలియదు, ఎగువన మాత్రం వంద గజాల నీళ్లు మాయమవుతాయి. బోటు కోసం పోయేవాళ్లు గది ఖాళీ ఉందా అని అడిగే ముందు, ఈ వారం నీళ్లు ఎంతవరకు ఉన్నాయని అడగాలి.

ముందు బోటు సంగతి. బాస్ బోటు అమెరికాలో బాస్ అనే చేపను గాలంతో పట్టేవాళ్ల కోసం పుట్టింది. పొడవు 16 నుంచి 21 అడుగులు, వెడల్పు ఎక్కువ, అంచులు నీటికి బాగా దగ్గర. వెనక చెక్కకు బయట తగిలించే పెద్ద ఔట్‌బోర్డ్ ఇంజను, ముందు కాలితో తిప్పే కరెంటు మోటారు. అంత పెద్ద బోట్లు మన దగ్గర అరుదు. కొరమీను కోసం నాచు మీద కప్ప బొమ్మ గాలం విసిరేవారు చిన్న ఫైబర్ బోటుకో, గాలి నింపే రబ్బరు బోటుకో ఇలాంటి ఏర్పాటే చేసుకుంటారు. పర్యాటకులను తిప్పే స్పీడ్ బోట్లకూ ఇవే సూత్రాలు. సొంత బోటు దింపాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి, చేపల సొసైటీతోనూ ముందే మాట్లాడుకోవాలి. వాళ్ల వలలు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు. ఇంజను ఉన్న పడవ అయితే 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీళ్లు ఇచ్చేవి, మంజీర మొసళ్ల అభయారణ్యం. ఈ మూడింటినీ ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. మిగిలినవి కోట్‌పల్లి, లక్నవరం, సోమశిల, హుస్సేన్‌సాగర్.

కోట్‌పల్లి నగరానికి దాదాపు 90 కిలోమీటర్లు. చేవెళ్ల, వికారాబాద్ మీదుగా పొద్దున్నే బయల్దేరితే రెండున్నర గంటల్లో కట్ట మీద ఉండొచ్చు. ఇక్కడ ప్రధానంగా కయాకింగే. పలచని నీళ్లలో లోతు చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే కయాక్‌కు అరడుగు నీళ్లు చాలు, తప్పు చేసినా నష్టం తక్కువ. బస కావాలంటే అనంతగిరి గుట్ట మీద పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది, వికారాబాద్ చుట్టూ ప్రైవేటు రిసార్టులు చాలానే ఉన్నాయి. వారాంతంలో వీటిల్లో పెళ్లి సందడి ఉంటుంది. బోటు కోసమే వస్తే మంగళ, బుధవారాలు మేలు.

లోతు చదవడం అంటే ఇది. కొంగ నిలబడి ఉందంటే అక్కడ నీళ్లు అడుగు దాటవు, దాని మోకాలు కనబడుతుంటే అరడుగే. జమ్ము గుంపుగా నిలబడిందంటే రెండడుగుల లోపు. తామర ఆకులున్న చోట ఇంకాస్త లోతు ఉంటుంది, కానీ తూళ్లు ఇంజను ఫ్యానుకు, అంటే నీటిని తోసే రెక్కలకు చుట్టుకుంటాయి. గాలికి చెరువంతా అలలు లేచినప్పుడు ఒక్క పట్టీ మాత్రం నున్నగా ఉంటే, దాని కిందే నాచు ఉందని గుర్తు. గాలి సమానంగా వీస్తున్నా ఒక్కచోట మాత్రం అలలు చిన్నగా, దగ్గరదగ్గరగా విరుగుతుంటే కింద మిట్ట ఉంది. ఇవి కనబడాలంటే సూర్యుడు మీ వెనక ఉండాలి, కళ్లకు పోలరైజ్డ్ అద్దాలు ఉండాలి. పొద్దు ఎదురుగా ఉంటే నీళ్లన్నీ ఒకే తళుకు.

లోతును తెర మీద చూపించే ఫిష్ ఫైండర్ ఉంది కదా అనే ధీమా చాలామందిని ముంచింది. దాని సెన్సారు బోటు వెనక చెక్కకు బిగించి ఉంటుంది. అంటే తెర మీద కనబడే లోతు మీరు అప్పటికే దాటేసిన చోటిది. ముందు ఏముందో అది చెప్పదు. పైగా దట్టమైన నాచును అది నేలగా చూపిస్తుంది, మెత్తటి ఒండ్రును ఒక్కోసారి అసలు చూపించదు. అందుకే పది అడుగుల వెదురు గడ ఒకటి తప్పనిసరి. అడుగడుగుకూ ఎర్ర రంగు చుట్టు వేసుకుంటే గడ ముంచగానే లోతు తెలుస్తుంది. గడ టక్కున తగిలితే రాయి లేదా మోడు, మెల్లగా దిగబడితే ఒండ్రు. ఈ రెండో రకం చోట కాలు కింద పెట్టకూడదు.

లక్నవరం సంగతి వేరు. హైదరాబాద్ నుంచి దాదాపు 220 కిలోమీటర్లు, వరంగల్, ములుగు దాటి గోవిందరావుపేట మండలంలోకి పోవాలి. గుట్టల మధ్య ఖాళీలను కట్టలతో మూసి కాకతీయులు నిలబెట్టిన నీళ్లివి. లోపల దీవులు, వాటికి వేలాడే వంతెనలు, దీవి మీద హరిత కాటేజీలు. నాలుగింటిలో రాత్రి ఉండదగ్గది ఇదే. సాయంత్రం పగటి జనం వెళ్లిపోయాక, పొద్దున వాళ్లు వచ్చేలోపు నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ రెండు గంటల కోసమైనా దీవిలో గది తీసుకోవాలి. గది విషయంలో చూడాల్సినవి రెండు: సామాను మోసుకుంటూ వంతెన దాటాలి కాబట్టి ముసలివాళ్లుంటే ముందే చెప్పి సాయం అడగండి. తిండి ఆర్డరు పెందలాడే ఇవ్వాలి, దీవి మీద పక్క హోటల్ అంటూ ఉండదు. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది, ఆ రోజుల్లో ఇటు రావద్దు. దారి కదలదు, గది దొరకదు. ఒక పూట మిగిలితే రామప్ప గుడి ఇక్కడికి దగ్గరే.

ఇక బోటు. వానలు బాగా పడి మత్తడి దూకే రోజుల్లో ఇక్కడ స్పీడ్ బోటు హాయిగా తిరుగుతుంది. మట్టం తగ్గాక దీవుల మధ్య సందులు, గుట్ట అంచులు ప్రమాదం. అక్కడ నీట మునిగిన చెట్ల మోడులు నీటికి ఒక జానెడు కింద ఆగి ఉంటాయి. పైకి కనబడే మోడు మంచిది, దాన్ని తప్పించుకోవచ్చు. ఒక మోడు కనబడితే దాని చుట్టూ కనబడనివి ఇంకా ఉన్నాయనే అనుకోవాలి.

స్పీడ్ బోటు నిలబడి ఉన్నప్పుడు, పూర్తి వేగంలో ఉన్నప్పుడు దానికి కావాల్సిన లోతు ఒకటి కాదు. ఆగి ఉన్న 18 అడుగుల బోటు ఒళ్లు నీళ్లలో ఒకటి, ఒకటింపావు అడుగు మునుగుతుంది. ఇంజను కిందికి దించితే ఫ్యాను, దాని కింది రెక్క కలిపి రెండున్నర అడుగుల దాకా పోతాయి. వేగం అందుకుని బోటు నీటి మీదికి లేచాక అడుగున్నర నీళ్లలోనూ దూసుకుపోతుంది. దీన్ని చూసే కుర్రాళ్లు మోసపోతారు. ఎందుకంటే ఆ వేగం అందుకునే మొదటి కొన్ని సెకన్లలో ముక్కు ఆకాశానికి లేచి, వెనక భాగం కిందికి కుంగుతుంది. అప్పుడు మూడడుగులకు పైగా లోతు కావాలి. పలచని నీళ్ల మీద దూసుకుపోతూ వల కనబడిందని థ్రాటిల్ వదిలితే బోటు కూర్చుంటుంది, వెనకొచ్చే అల దాన్ని ఎత్తి నేలకేసి కొడుతుంది, మళ్లీ లేవడానికి లోతు ఉండదు. నియమం సులువు: నాలుగడుగుల లోతు గడతో చూసుకున్న చోటే వేగం పెంచండి, అంతకంటే తక్కువైతే నడక వేగం.

నడక వేగంలో ఇంజనును ట్రిమ్ బటన్‌తో కొంచెం పైకి ఎత్తి పెట్టుకోవాలి. ఎంత ఎత్తాలో చెప్పేది ఇంజను వెనక నుంచి పిచికారీలా పడే సన్నటి నీటి ధార. నీళ్లు లాగే రంధ్రాలు కింది భాగంలో, ఫ్యానుకు పైన ఉంటాయి. అవి నీటిలో మునిగి ఉన్నంతసేపే ధార పెన్సిలంత గట్టిగా వస్తుంది. ధార సన్నబడినా, ఆవిరి కక్కినా వెంటనే ఇంజను ఆపాలి. ఇంజనును పూర్తిగా ఎత్తి, రంధ్రాల మీద అంటుకున్న నాచు ముక్కను, పాలిథిన్ కవరును గోటితో లాగేయాలి. ఒండ్రు నీళ్లలో ఎక్కువసేపు తిరిగితే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, రెక్కలు అరిగిపోతాయి. అది చిన్న సామాను, కానీ పోతే ఇంజను మొత్తం కాలుతుంది.

బోటు ఇరుక్కున్నప్పుడు అందరూ చేసే తప్పు రివర్సు గేరు వేసి గట్టిగా తిప్పడం. ఫ్యాను బురదను ఇంజను కిందికే తోడుతుంది, రంధ్రాలు పూడుకుపోతాయి. ముందు ఇంజను ఆపండి. పైకి ఎత్తండి. తగిలింది ముక్కు అయితే అందరినీ ఒక్కొక్కరిగా, కూర్చుని జరుగుతూ వెనక్కి రమ్మనండి. వచ్చిన దారిలోనే గడతో నెట్టుకుంటూ బయటికి రండి. గడను బోటు కింద పెట్టి ఎత్తే ప్రయత్నం చేస్తే వెదురు విరిగి మనిషి నీళ్లలో పడతాడు, నేలకు ఏటవాలుగా పెట్టి తోయాలి. ఎవరూ దిగొద్దు. నల్లరేగడి ఒండ్రులో తొడదాకా దిగబడ్డ కాలు చెప్పుతో సహా రాదు. బయటపడ్డాక నెమ్మదిగా ఒక నిమిషం నడిపి చూడండి. ఇంజను అరుస్తున్నా బోటు కదలకపోతే చిన్న ఇంజన్లలో షియర్ పిన్ (దెబ్బ తగిలితే ముందు తానే తెగే ఫ్యాను పిన్ను) తెగినట్టు, పెద్దవాటిలో వేగం అందుకోకపోతే ఫ్యాను లోపలి రబ్బరు జారినట్టు. రెండు పిన్నులు, రెండు స్ప్లిట్ పిన్నులు, ఒక పట్టకారు డబ్బాలో ఉంటే మొదటిది పది నిమిషాల పని. రెండోదైతే అదే నడక వేగంతో ఒడ్డుకు చేరాలి, థ్రాటిల్ తొక్కొద్దు.

నాచులోకి పోవాల్సి వస్తే పెద్ద ఇంజను ఎత్తేసి ముందున్న కరెంటు మోటారు వాడాలి. బోటు, మనుషులు, సామాను కలిపి ప్రతి 45 కిలోలకు 2 పౌండ్ల థ్రస్ట్ (మోటారు నెట్టే బలం) అనేది వాడుకలో ఉన్న లెక్క. అరటన్ను బరువుకు 22 పౌండ్లు వస్తుంది గానీ, ఎదురుగాలి, గుర్రపుడెక్క కలుపుకుంటే 40కి తగ్గకూడదు. 55 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్నది గంట. తిరుగు ప్రయాణానికి గాలి ఎదురొస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

సోమశిల మిగతా మూడింటికంటే విశాలం. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం వెనక జలాలు. పూర్తి మట్టం 885 అడుగులు. మట్టం బాగా తగ్గిన నెలల్లో అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, నీళ్లు పెరిగితే మునిగిపోతుంది. భక్తులకు ఇది పుణ్యం, బోటు నడిపేవారికి పాఠం. శిఖరం నీటికి సరిగ్గా కిందకు చేరిన రోజుల్లో పైకి ఏమీ కనబడదు. గుడి చోటు అందరికీ తెలుసు. పాత ఊళ్ల మొండిగోడలు, బావి ఒడ్డులు అలా తెలియవు. ఇక్కడ మాత్రం రోజూ అదే దారిలో తిరిగే స్థానిక నడిపేవాడితోనే పోవాలి. గాలి నీటి మీద అడ్డు లేకుండా చాలా దూరం పరిగెత్తుతుంది, మధ్యాహ్నానికి అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అంచులు తక్కువున్న బోటు వాటికి అడ్డంగా తిరగకూడదు. ముక్కుతో కాస్త ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి, ఉరుము ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ఒడ్డున ఉండాలి. ఉదయం పూట ఒక రౌండు, రాత్రికి పర్యాటక శాఖ బస, ఇంతే చాలు.

హుస్సేన్‌సాగర్ ఊళ్లోనే ఉంది కాబట్టి చులకన. గరిష్ఠ లోతు 32 అడుగులని చెబుతారు, అంచుల్లో పూడిక ఎక్కువ. జులైలో పడమటి గాలి బాగా ఉంటుంది, తెరచాప పోటీలు అప్పుడే జరుగుతాయి. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా పోయే పెద్ద పడవ పిల్లలతో వచ్చినవారికి సరిపోతుంది. చిన్న బోటు అయితే నిమజ్జనం తర్వాత కొన్ని వారాలు ట్యాంక్‌బండ్, ఎన్టీఆర్ మార్గ్ ఒడ్డులకు దూరంగా ఉండాలి. విగ్రహాల ఇనుప చట్రాలను క్రేన్లతో తీసినా, నీట మిగిలిన తీగ ముక్క ఒక్కటి చాలు, ఫ్యాను ముక్కలవుతుంది.

ఏ చోటైనా సేవను తూచేది లైఫ్ జాకెట్‌తోనే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగాక జాకెట్లు ఇవ్వడం పెరిగింది, వేయడం మాత్రం పెరగలేదు. చేతికిచ్చిన జాకెట్ బరువుగా ఉంటే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చిందని అర్థం, మార్చమనండి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే బోటు ఎక్కించొద్దు. తర్వాత నడిపేవాడి చేతిని చూడండి. ఇంజను ఆపే ఎర్ర మెలిక తాడు అతని మణికట్టుకో, జాకెట్‌కో తగిలించి ఉండాలి. స్విచ్‌కే చుట్టేసి ఉంటే, అతను పడిపోయిన క్షణం నుంచి ఆ బోటుకు డ్రైవరు లేడు. సెల్ఫీ కోసం అందరూ ఒక పక్కకు రావొద్దని తనంతట తానే చెప్పేవాడు దొరికితే, రెండో రౌండు కూడా అతనితోనే తిరగండి.

సొంత బోటు తెచ్చినవారు ఒడ్డు ఎక్కగానే డ్రెయిన్ ప్లగ్ (బోటు అడుగున నీళ్లు వదిలే బిరడా) తీసి నీళ్లు పూర్తిగా పోనివ్వాలి. ట్రెయిలర్ ఇరుసుకు, ఫ్యానుకు చుట్టుకున్న గుర్రపుడెక్కను వేర్లతో సహా పీకి కట్ట అవతల ఎండలో పడేయాలి. ఒక్క పిలక వేరే చెరువుకు చేరితే చాలు, ఆ ఊరి చేపల సంఘానికి ఏళ్ల తరబడి పని. ఇంటికి చేరాక ఇంజనుకు కుళాయి పైపు తగిలించి, ధార తేటగా వచ్చేదాకా, కనీసం ఐదు నిమిషాలు మంచినీళ్లతో తిప్పండి.