హన్మకొండల ఫిలిప్పీన్స్ జానపద డాన్స్ షో చూసినం, 5కు 4 స్టార్లు

పోవాల్నా వద్దా అని అడిగేటోళ్లకు ముందే చెప్తున్న, తప్పకుంట పోండ్రి. టికెట్ 300, ఇంటోళ్లందరం పోయినం, మన దిక్కు పిల్లలు మస్తుమంది ఫిలిప్పీన్స్‌ల డాక్టర్ చదువు చదువుతున్నరు కదా, హాల్ల సగం మంది వాళ్ల అమ్మానాన్నలే అనిపించింది.

అందరు ఎదురుచూసేది టినిక్లింగ్ కోసమే. ఫిలిప్పీన్స్‌ల లేటే అనే దీవిల పుట్టిన డాన్స్ అది, టిక్లింగ్ అనే పిట్ట పొలాలల్ల వెదురు ఉచ్చులు తప్పించుకుంట ఎట్ల అడుగులేస్తదో గట్లనే ఆడుతరు. ఇద్దరు కింద కూసొని రెండు పొడుగు వెదురు బొంగులు పట్టుకొని నేలకు కొడ్తరు, మళ్ల ఒకదానికొకటి కొడ్తరు, ఆ దెబ్బ టైముకి కాలు బయట ఉండాలె, అందుల చెప్పులు కూడ ఉండయి, ఒట్టి కాళ్లే. మనం ఎగిరేటోళ్లనే చూస్తం గానీ కూసున్నోళ్ల చేతులు చూడుండ్రి, స్పీడ్ పెంచుడంత వాళ్ల చేతులల్లనే ఉన్నది. ఒక పిల్ల మడమ అట్ల బయటికొచ్చిందో లేదో బొంగులు టప్పుమన్నయి, మా అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకుంది. మన కోలాటంల కోల తప్పితే నవ్వుకొని మళ్ల అందుకుంటం, ఇక్కడ ఆ ఛాన్సే లేదు.

సింగ్కిల్ అయితే ఇంకో లెవెల్. మిందనావో దీవిల ఉండే మరనావో అనే తెగోళ్ల డాన్స్ అది, దారంగెన్ అనే వాళ్ల పాత వీరగాథల కథ, దాన్ని యునెస్కో 2008ల తన సాంస్కృతిక వారసత్వ లిస్టుల చేర్చింది. అడ్డం నిలువు బొంగులు కొట్టుకుంటుంటే రాకుమారి విసనకర్రలు తిప్పుకుంట నడుస్తది, ఒక్కసారి కూడ కిందికి చూడలే, నాకు షో మొత్తంల నచ్చింది అదే. తల మీదొకటి, రెండు చేతుల మీద చెరొకటి దీపం పెట్టుకొని ఆడేది కూడ బాగుంది. ఒంటికి కొబ్బరి చిప్పలు కట్టుకొని టకటక కొట్టుకునే మగ్లలాతిక్‌కు పిల్లలు ఊగిపోయిన్రు.

ఒక స్టార్ ఎందుకు తీసేసిన్నంటే సౌండ్. రికార్డు మ్యూజిక్ ఎంత గట్టిగ పెట్టిన్రంటే బొంగుల చప్పుడే ఇనబడలే, టినిక్లింగ్‌కు ఆ చప్పుడే కదా తాళం, బొంగుల కాడ ఒక మైక్ పెడితే అయిపోతుండె. యాంకర్ మొత్తం ఇంగ్లీషే, పెద్దోళ్లకు ఒక్క ముక్క తెల్వలే, రెండు మాటలు తెలుగుల చెప్తే ఏమైతుండె?

వెనక సీట్లల్ల కూసుంటే కాళ్లు కనబడయి, ఇగ చూసేదేముంటది, బాల్కనీ ఉంటే బాల్కనీ తీసుకోండ్రి లేకుంటే అర్ధగంట ముందు పోయి ముందు వరుసల కూసోండ్రి.