నమ్మకద్రోహం తిన్న సంఘ కాపరులకు భీమిలి దారిలో శిబిరం: నా అభిప్రాయం

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఒక విడిది గృహంలో సంఘ కాపరుల (చర్చి పాస్టర్ల) కోసం జరిగే ఈ శిబిరం గురించి తోటి సేవకులు చాలామంది అడుగుతున్నందున వివరంగా రాస్తున్నాను. సహసేవకుల చేతిలో మోసపోయిన నాయకులు తిరిగి మనుషులను నమ్మి పరిచర్య సాగించేలా తోడ్పడటం దీని ఉద్దేశం. గురువారం సాయంత్రం మొదలై శనివారం మధ్యాహ్నానికి ముగుస్తుంది కాబట్టి ఆదివారం ఆరాధనకు ఎవరి సంఘానికి వారు చేరుకోవచ్చు. ఆ తర్వాత నెలకొకసారి విశాఖలోని జగదాంబ కూడలి దగ్గర కూటం ఉంటుంది.

నేను వెళ్లిన కారణం క్లుప్తంగా చెబుతాను. ఏళ్ల తరబడి నా పక్కన నిలిచి, మా ఇంట్లో భోజనం చేసిన సహకాపరి ఒకరు నాకు తెలియకుండా వేరే సొసైటీ రిజిస్టరు చేయించుకుని, మందిర నిర్మాణ నిధిలో కొంత సొమ్మును, సంఘంలోని చాలా కుటుంబాలను తనతో తీసుకుపోయారు. ఇది మా ఒక్క సంఘానికే వచ్చిన బాధ కాదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వంటి పాత సంఘాలలో స్థానిక సంఘాలను చూసే పాస్టరేటు కమిటీ, దానిపైన బిషప్పు ఆధ్వర్యంలోని డయాసిస్ ఉంటాయి. గాజువాక, పెందుర్తి వైపు రేకుల షెడ్డులో మొదలై ఎదిగిన స్వతంత్ర సంఘం కాపరికి ఇలాంటి దెబ్బ తగిలితే మొరపెట్టుకోవడానికి పైన ఎవరూ ఉండరు. సంఘం ముందు కన్నీరు పెట్టుకోలేడు, సాటి కాపరికి చెప్పుకుంటే ఆ మాట ఎక్కడికి పాకుతుందోనన్న భయం. ఇలాంటి సేవ అవసరమని నేను నమ్మడానికి ముఖ్య కారణం ఇదే.

శిబిరం మొత్తంలో విలువైనది శుక్రవారం ఉదయపు తరగతి. నడిపించే ఆయన ఒకప్పుడు కాపరిగా ఉండి, తర్వాత కౌన్సెలింగులో శిక్షణ పొందినవారు. నన్ను లేపి, "అయ్యగారూ, ఆ సహోదరుడు రేపు మీ గుమ్మంలోకి వస్తే అన్నం పెడతారా?" అని అడిగారు. పెడతానన్నాను. "ఆయన కోసం ప్రార్థన చేస్తారా?" చేస్తానన్నాను. "మందిరం బీరువా తాళం చేతికిస్తారా?" నాకు నోట మాట రాలేదు. అప్పుడాయన, క్షమాపణ మనం ఈ రోజే ఇవ్వగలిగినదనీ, ఇవ్వవలసినదనీ, నమ్మకం మాత్రం అవతలివారు నడవడితో సంపాదించుకోవలసినదనీ నిదానంగా వివరించారు. "క్షమించారు కదా, మళ్లీ వేదిక ఎక్కనివ్వండి" అనే పెద్దల ఒత్తిడితో నలిగిపోయిన కాపరులకు ఆ వివరణ ఎంత ఊరటనిచ్చిందో ఆ గదిలో ఉన్నవారికి తెలుసు.

ఆ మాటను ఆయన బైబిలు వాక్యంలోంచే నిలబెట్టారు. ఐగుప్తులో అధికారి అయిన యోసేపు, ఒకప్పుడు తనను అమ్మిన అన్నలకు కరవులో ధాన్యం ఇచ్చాడు, వారి సొమ్మును గోనెల్లోనే తిరిగి పెట్టించాడు, కానీ తానెవరో వెంటనే చెప్పలేదు. వారిలో షిమ్యోనును తన దగ్గర నిలిపివేశాడు, అందరికంటే చిన్నవాడైన బెన్యామీను గోనెలో తన గిన్నె పెట్టించి, వారేం చేస్తారో చూశాడు. ఒకప్పుడు తమ్ముణ్ని అమ్ముదామన్న యూదాయే ఈ తమ్ముడికి బదులు తాను దాసుడిగా ఉంటానని ముందుకొచ్చిన తర్వాతే తనను తాను తెలియపరచుకున్నాడు. అలాగే సువార్త ప్రయాణంలో పంఫూలియ ప్రాంతంలో తమను విడిచిపోయిన మార్కును మళ్లీ వెంట తీసుకుపోవడానికి అపొస్తలుడైన పౌలు ఒప్పుకోలేదు, ఆ విషయంలో తోటి సేవకుడు బర్నబాతోనే వేరుపడ్డాడు. అదే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రికలో, మార్కు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు కనుక వెంటబెట్టుకు రమ్మని కోరాడు. మధ్యలో గడిచిన కాలాన్ని ఎవరూ తొందరపెట్టలేదన్న సంగతి మీద మా బృందంలో చాలాసేపు చర్చ జరిగింది.

మధ్యాహ్నం తరగతి పూర్తిగా లెక్కల గురించి. ద్రోహం తిన్న నాయకుడు అన్ని పనులూ తన చేతిలోకే లాక్కుంటాడనీ, దాంతో తప్పు చేయని సంఘ పెద్దలు కూడా అనుమానితుల్లా మిగిలిపోతారనీ నిర్వాహకులు సూటిగా చెప్పారు. అందుకు వారు చూపిన పద్ధతి ఇది: ఆరాధన ముగియగానే ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కానుకల సంచి విప్పి, అయిదు వందల నోట్లు ఎన్ని, రెండు వందలవి ఎన్ని అని విడివిడిగా రాసి సంతకాలు చేయాలి. సోమవారం మూడో వ్యక్తి బ్యాంకులో జమ చేసి, రసీదు ఫొటోను పెద్దల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కాపరి ఆ సొమ్మును ముట్టుకోడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, చందా విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు ఇతరులను వెంట పంపిన జాగ్రత్త ఇదేనని వారు గుర్తుచేశారు. మా సంఘంలో ఈ పద్ధతి మొదలుపెట్టాక, వెళ్లిపోయిన కుటుంబాలలో కొన్ని వచ్చి పుస్తకం చూపమని అడిగాయి. చూపించాం.

ఇక లోపాలు. ద్రోహం నేరమైనప్పుడు ఏం చేయాలన్నదానికి అరగంట కూడా కేటాయించలేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి అనీ, సంఘంలో రాజీ కుదర్చడం దానికి బదులు కాదనీ చెప్పారు, సంతోషం. కానీ నిధుల దుర్వినియోగం, సొసైటీ రికార్డుల తారుమారు వంటి విషయాలలో న్యాయవాది చేత ఒక పూట మాట్లాడించి ఉండవలసింది. రెండోది, ఒకే ప్రాంతపు కాపరులను ఒకే బృందంలో కూర్చోబెట్టారు. గోప్యత పాటిస్తామని అందరూ సంతకం చేసినా, పక్క వీధి సంఘం కాపరి ఎదురుగా ఉంటే మనసు విప్పడం కష్టం. అన్నింటికంటే నన్ను బాధించినది, కాపరుల భార్యలకు విడిగా తరగతి లేకపోవడం. ద్రోహం చేసిన మనిషికి ఏళ్ల తరబడి వండి వడ్డించింది అమ్మగారే, సంఘ స్త్రీల సూటిపోటి మాటలు ముందుగా విన్నదీ ఆమే. ఈ సంగతి నిర్వాహకులకు రాసి ఇచ్చాను. నెలవారీ కూటానికి ఇప్పుడు భార్యలను కూడా రమ్మంటున్నారు.

గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం సాదాగా బాగుంది. తరగతులన్నీ తెలుగులోనే జరుగుతాయి. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి భీమిలి బస్సు ఎక్కితే చాలు. అవతలి పక్షం కూడా ఒప్పుకుంటే తర్వాత మధ్యవర్తిత్వం చేస్తారు, ఒప్పుకోకపోతే బలవంతపెట్టరు. దెబ్బ తగిలి వారం కూడా కాని వారు ముందు వ్యక్తిగత కౌన్సెలింగు అడగడం మంచిది, ఎందుకంటే బృందంలో ఇతరుల కథలు వినే ఓపిక అప్పుడు ఉండదు. రుసుము కట్టుకోలేని కాపరులకు తగ్గిస్తారు, అయితే పేరు నమోదు చేసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి.