వెలుగు నాచా, ఎర్ర మందారమా?

విజయనగరంలో మా పెరటి నూతి పక్కన కాస్త జాగా ఖాళీ అయింది. అక్కడ ఏం వెయ్యాలన్నదాని మీద మేనల్లుడికీ నాకూ పేచీ. "ఏటి మావయ్యా, ఎప్పుడూ మందారమేనా? చీకట్లో మెరిసే నాచుందట, అది తెద్దాం" అని ఫోన్‌లో బొమ్మ చూపించాడు.

బొమ్మ చూస్తే నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. దాని పేరు స్కిస్టోస్టెగా పెన్నాటా. భూగోళం ఉత్తర భాగాన చల్లటి దేశాల్లో, గుహల మొగల్లో, రాళ్ల సందుల్లో అక్కడక్కడా దొరుకుతుంది. మిణుగురులా సొంతంగా వెలగదు. మొలక దశలో దాని కణాలు గుండ్రటి భూతద్దాల్లా ఉండి, లోపలికొచ్చే కొద్దిపాటి వెలుతురుని పత్రహరితం మీదకి పోగుచేస్తాయి. అందులో మిగిలింది బంగారు పచ్చగా వెనక్కొస్తుంది. వెలుతురికి అడ్డంగా నిలబడ్డామా, మెరుపు మాయం. టోక్యోలో పాత కోట దగ్గర అది పెరిగే చోటుని జపాన్ సహజ సంపదగా ప్రకటించి కాపాడుకుంటోంది. "మనకీ కోటుంది కదా!" అన్నాడు మావాడు. కోటుంటే సరా? మే నెలలో మా నూతిగట్టు మీద చెయ్యి ఆనించలేం.

మందారానికి ఆ పట్టింపులేవీ లేవు. వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మ గుచ్చితే చాలు. పువ్వు ఒక్కరోజుదే, కానీ మర్నాటికి ఇంకో మొగ్గ సిద్ధం. దేవుడికి పువ్వు, తలకి ఆకు. పిండినల్లి పట్టిందంటే మాత్రం సబ్బునీళ్లు, వేపనూనె పట్టుకుని వెంటపడాలి.

ఒక్క విషయంలో రెండూ చుట్టాలే. మన పెరళ్లలోని ఎర్ర మందారం గింజ కట్టడం అరుదు, కొమ్మతోనే ఇల్లిల్లూ తిరుగుతుంది. నాచుకి అసలు గింజే లేదు. సిద్ధబీజాలతో పుడుతుంది, తునక తెగిపడినా బతుకుతుంది. వేరు కూడా లేదు, ఒంటితోనే నీళ్లు తాగుతుంది.

చివరికి మందారమే నాటాం. నాచు ముచ్చట కూడా ఖర్చు లేకుండానే తీరింది. మనం పాచి అని గీకి పారేసేదాంట్లో నాచూ ఉంటుంది. వేసవిలో నూతి ఒరకి ఎండి గోధుమరంగులో అంటుకున్నది, మొదటి వానకే పచ్చబడింది. మావాడు రాత్రి టార్చి వేసి చూశాడు.

"మెరవట్లేదు మావయ్యా."

"అది మెరిసేది కాదురా, జారేది. గట్టు దిగు ముందు."